మా కారు వెనక సీటు కింద

మా కారు నాకంటే పెద్దది. నాన్న తన ఆఫీసులో ఒకాయన దగ్గర దాన్ని కొన్నప్పుడే అది ఒక ఇంట్లో కాపురం చేసి వచ్చిన కారు. రంగు మజ్జిగ రంగు. వెనక ఎడమవైపు తలుపు తాళం ఎప్పుడో పాడైంది. కాస్త ఎత్తి లాగితే తెరుచుకుంటుంది. ఇది ఇంట్లో అందరికీ తెలుసు. దానివల్ల నాకు జరుగుతున్న మేలు మాత్రం ఎవరికీ తెలియదు.

చిక్కడపల్లిలో మాది రెండు గదుల ఫ్లాటు. ఒక గది అమ్మానాన్నలది, రెండోది నాదీ నాయనమ్మదీ. నాయనమ్మకు టీవీ మోగుతుంటే నిద్ర పడుతుంది, ఆపేస్తే మెలకువ వస్తుంది. పుస్తకం చదువుకోవాలంటే నడిచి వెళ్ళేంత దూరంలో పెద్ద లైబ్రరీ ఉంది గానీ, అక్కడ తెల్లారేసరికే ప్రతి కుర్చీ మీదా ఎవరో ఒకరి సంచి ఉంటుంది. అందరూ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళు. ఒకసారి ఎలాగో కుర్చీ దొరికించుకుని నవల తెరిచాను. పక్కనున్న అమ్మాయి నా పుస్తకం అట్ట చూసి, "ఇది ఏ పేపర్‌కి చెల్లీ?" అని అడిగింది. ఏ పేపరుకూ కాదని చెప్పలేక, మూసేసి వచ్చేశాను.

అప్పటినుంచీ నా చదువుగది కారే. మా అపార్ట్‌మెంట్ కింద పార్కింగులో, ట్యూబులైటున్న స్తంభం పక్కనే దాని చోటు. మొదట్లో కాలేజీ నుంచి, తర్వాత హిమాయత్‌నగర్‌లో ఆఫీసు నుంచి రాగానే పైకి వెళ్ళకుండా, వెనక తలుపు ఎత్తి లాగి, లోపల కూర్చుని కొన్ని పేజీలు చదువుకుని, అప్పుడు ఇంటికి వెళ్ళేదాన్ని. హిమాయత్‌నగర్ నుంచి రావడానికి అంతసేపు పడుతుందని అమ్మ ట్రాఫిక్‌ను తిట్టేది. నేను ఔననేదాన్ని.

అలాంటి కారు కిందటి వేసవిలో దారి మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది.

మొదటిసారి హిమాయత్‌నగర్‌లో. చుట్టాలింట్లో గృహప్రవేశానికి పట్టుచీరలతో వెళ్తున్నాం. కారు రెండుసార్లు దగ్గింది, ఒక నిట్టూర్పు విడిచింది, ఆగింది. నారాయణగూడలో మాకు ఎప్పటినుంచో అలవాటైన మెకానిక్ ఉన్నాడు. నాన్న ఫోన్ చేస్తే స్కూటరు మీద వచ్చాడు. బానెట్ ఎత్తి, కార్బురేటర్ మూత విప్పి, లోపలి సన్నని రంధ్రాలు నోటితో ఊది మళ్ళీ బిగించాడు. నాన్న తాళం తిప్పగానే కారు బుద్ధిగా లేచింది.

"కార్బురేటర్ల చెత్త పడ్డది సార్. ఊదిన. ఇగ పరేషాన్ కాకుండ్రి" అన్నాడు.

రెండోసారి నారాయణగూడలోనే, మెట్రో స్తంభం పక్కన ఆగింది. ఈసారి దోషం పెట్రోలు పంపుది అని తేల్చాడు. ట్యాంకులోంచి పెట్రోలును ఇంజనుకు లాగే పంపులో ఒక రబ్బరు పొర ఉంటుందట. పాత కార్లకు వేసిన ఆ రబ్బరు ఇప్పటి పెట్రోలుకు తట్టుకోలేక బీటలు వారుతుందట. కొత్త పంపు కోసం నాన్నా నేనూ కాచిగూడలో పాత సామాన్ల దుకాణానికి వెళ్ళాం. దుకాణదారు నిచ్చెన ఎక్కి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి దించాడు.

"ఈ బండి సామాను అడిగేటోళ్లు ఇద్దరే మిగిలిన్రు సార్. ఒకరు మీరు."

"రెండో ఆయన ఎవరండీ?" అని నాన్న ఉత్సాహంగా అడిగాడు, దొరికితే స్నేహం చేసుకుందామన్నట్టు.

"ఆయన మొన్ననే అమ్మేసిండు."

మూడోసారి అశోక్ నగర్‌లో. సాయంత్రం, కోచింగ్ సెంటర్లు వదిలే వేళ, సరిగ్గా టీ బండి ముందు. చేతుల్లో గ్లాసులు పట్టుకున్న కుర్రాళ్ళు గ్లాసులు కింద పెట్టి, అడక్కుండానే వచ్చి కారు వెనక నిలబడ్డారు.

"అంకుల్, సెకండ్ గేర్ల వెట్టుకోండ్రి, మేం నూకుతం."

"అరే, గట్టిగ నూకురా. గ్రూప్ టూ కంటె కష్టమున్నదా ఏంది?"

"అంకుల్, జర నిజం చెప్పుండ్రి. నోటిఫికేషన్ పడేదాకనన్న నడుస్తదా ఈ బండి?"

నేను వెనక సీట్లో ఎంత కిందికి జారానంటే, వాళ్ళకు నా జడ క్లిప్పు మాత్రమే కనిపించి ఉంటుంది. వాళ్ళు ఎంత నెట్టినా కారు లేవలేదు. నాన్న వాళ్ళందరికీ మళ్ళీ టీ చెప్పి, ఏ పరీక్షకు చదువుతున్నారో, ఏ ఊరివాళ్ళో అడుగుతూ కూర్చున్నాడు. ఈలోగా మెకానిక్ వచ్చి రబ్బరు పైపులు, ఫిల్టరు మార్చాడు. కారు లేచింది. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న మజ్జిగ పోసుకున్నాక చెప్పాడు.

"ఇంకొక్కసారి ఆగితే ఇచ్చేస్తాను. పాత కార్లు కొనేవాళ్ళతో మాట్లాడాను. ఆదివారం సాయంత్రం వచ్చి చూస్తామన్నారు."

"ఇప్పటికి వచ్చింది బుద్ధి" అంది అమ్మ. "ఫోన్‌లో నొక్కితే గుమ్మం ముందుకు కారు వచ్చే రోజుల్లో, మనం కారును నెట్టుకుంటూ తిరగడమేమిటి?"

"అమ్మడమేమిట్రా?" అంది నాయనమ్మ. "ఏటా దసరాకు పూజ చేసుకున్న బండి."

మా ఇంట్లో దసరా అంటే నాయనమ్మదే. ఆ రోజు ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువుకూ బొట్టు పెడుతుంది. పెట్టి ఊరుకోదు, నోరున్న వస్తువైతే నోట్లో నాలుగు అక్షింతలు కూడా వేస్తుంది. గ్రైండరు గుంటలో, కుట్టుమిషను సొరుగులో, నాన్న పర్సులో. దసరా వెళ్ళిన వారానికి ఇడ్లీలో పసుపు రంగు గింజ వస్తే మేమెవరం ఆశ్చర్యపోం.

వాళ్ళు ముగ్గురూ వాదించుకుంటున్నారు. నేను చెప్పాలనుకున్నది ఒకటే మాట: అమ్మొద్దు. కానీ నలుగురిలో నోరు విప్పాలంటే నేను ముందు మాటను మనసులో రాసుకోవాలి, కొట్టేయాలి, మళ్ళీ రాసుకోవాలి. ఈలోగా కంచాలు ఎత్తేస్తారు. ఆ రోజూ ఎత్తేశారు. డైరీలో మాత్రం రాసుకున్నాను, కారు పోతే నేనెక్కడ చదువుకోను అని. రాశాక అది చిన్నపిల్ల ఏడుపులా అనిపించి, కింద ఇంకో వాక్యం రాశాను. ఇన్ని భాగాలు మార్చినా మళ్ళీ మళ్ళీ ఎందుకు ఆగుతోంది?

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మూడుసార్లూ నేను కారులోనే ఉన్నాను. మిగతావాళ్ళు దిగి బానెట్ దగ్గర గుమిగూడినప్పుడు, జనంలోకి దిగడం ఇష్టం లేక లోపలే కూర్చున్నది నేనొక్కదాన్నే. ఆలోచించిన కొద్దీ ఒక చిన్న సంగతి తట్టింది. మెకానిక్ స్కూటరు వేసుకుని వచ్చేసరికి ఎటూ కొంతసేపు పడుతుంది. విప్పి బిగించేసరికి ఇంకొంతసేపు. అంతసేపూ కారు ఊరికే నిలబడి ఉంటుంది. తర్వాత లేస్తుంది. మరి అది లేచింది మరమ్మతు వల్లనా, ఊరికే నిలబడినందువల్లనా? ఈ సంగతి ఎవరమూ చూడలేదు. చూడాలంటే మెకానిక్‌ను ఏమీ చేయవద్దని చెప్పాలి. మెకానిక్‌కు ఆ మాట ఎవరు చెప్తారు?

ఆదివారం పొద్దున నాన్న, "మెకానిక్ షెడ్డు దాకా వెళ్ళి, అమ్మే సంగతి ఆయనకు ముందే చెప్పి వద్దాం, పాపం ఇన్నేళ్ళు చూశాడు దీన్ని" అన్నాడు. నేనూ ఎక్కాను. కారు చిక్కడపల్లి దాటింది, చక్కగా నడిచింది. నాన్న చేతులు స్టీరింగు మీద మెత్తబడ్డాయి. నారాయణగూడ సందులోకి తిరిగాం. షెడ్డు కనిపిస్తోంది. అప్పుడు దగ్గింది. నిట్టూర్చింది. ఆగింది.

నాన్న తాళం తీసి జేబులో పెట్టుకున్నాడు. అది చూస్తే నాకు ఎక్కువ బాధేసింది.

మెకానిక్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. "మళ్ల బందైందా సార్? ఉండుండ్రి, పంపు ఇంకోసారి ఇప్పి చూస్త." బానెట్ ఎత్తాడు. పానా అందుకున్నాడు.

నేను తలుపు తీసుకుని దిగాను. ఈసారి మనసులో రాసుకోవడానికి వ్యవధి లేదు.

"అన్నా, ఆగండి. ఏమీ చేయకండి."

ఇద్దరూ నావైపు చూశారు. ఆ షెడ్డుకు చిన్నప్పటినుంచి వస్తున్నాను గానీ, ఆయన నా గొంతు వినడం అదే మొదటిసారి అనుకుంటాను.

"ఏమీ చేయకపోతే ఎలా లేస్తుందమ్మా?" అన్నాడు నాన్న.

"అదే చూద్దాం నాన్నా. ప్రతిసారీ అన్న వచ్చేసరికి కారు కాసేపు ఆగి ఉంటోంది. ఆగినందుకే లేస్తోందేమో. ఒక్కసారి ముట్టుకోకుండా ఊరుకుని చూద్దాం."

మెకానిక్ పానా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"అంటే చెల్లె, నేనిన్ని దినాలు చేసిన పనంత ఉత్తదేనా?"

"అయ్యో, అది కాదన్నా..."

ఆయన పెద్దగా నవ్వాడు. "ఊకె అన్న తియ్యి. మాట ఖరే ఉన్నది. పాత పంపుల రబ్బరు పలిగిన మాట నిజమే గని, గీ బంద్ అయ్యే బీమారి దానిది కాకపోవచ్చు. సరే, ఇయ్యాల పని చెయ్యకపోవుడే పని." బానెట్ దించేసి, ఎదుటి హోటలుకు కేకేశాడు. "మూడు చాయ్!"

కారు ముందు స్టూళ్ళేసుకుని కూర్చున్నాం. టీ తెచ్చిన హోటలాయన అందరినీ, కారునూ చూశాడు. "ఏందన్నా, బండి ముంగట సభ వెట్టిన్రు?"

"డాక్టరమ్మ రెస్టు రాసిందే కారుకు" అన్నాడు మెకానిక్. "మనం ఊకె కూసోవాలెనట."

"గిట్ల ఊకె కూసుంటే బండ్లు బాగైతే, నీ షెడ్డు నేను నడుపుత. నా హోటల్ నువ్వు తీసుకో."

నేను టీ గ్లాసులోకే చూస్తూ కూర్చున్నాను. లేవకపోతే ఏమవుతుందో తెలుసు. సాయంత్రం కారు కొనేవాళ్ళు వస్తారు. గ్లాసులు ఖాళీ అయ్యాయి. మెకానిక్ కళ్ళతోనే నాన్నకు సైగ చేశాడు. నాన్న జేబులోంచి తాళం తీసి, ఎక్కి, తిప్పాడు.

కారు లేచింది. ఎవరి చెయ్యీ పడకుండానే, పొద్దున్నే నిద్రలేచినంత మామూలుగా లేచింది.

హోటలాయన, "అయితె షెడ్డు నాదే" అన్నాడు. మెకానిక్ మాత్రం నవ్వలేదు. ఇంజను చప్పుడు వింటూ నిలబడి, చిటికేశాడు.

"దొరికింది సార్. బత్తాయి రసంల గింజ స్ట్రాకు అడ్డం పడ్తది చూడుండ్రి, గట్లన్నట్టు. గుంజుతుంటె అతుక్కుంటది, ఇడిస్తె కిందికి పోతది. ట్యాంకుల ఏదో ఉన్నది. బండి నడుస్తుంటె అదొచ్చి పైపు నోటికి అడ్డం పడ్తది, బందైతె జారిపోతది. ట్యాంకు ఇప్పి చూడాలె. మధ్యాన్నం ఇంటికే వస్త."

"ఎంత పని పడుతుంది?" అన్నాడు నాన్న.

"పెద్దగ ఏముండది సార్. వెనక సీటు లేపితె కిందనే ఉన్నది మూత."

నా సంతోషం అక్కడితో ఆగింది. వెనక సీటు లేపితే అన్నాడు.

దారంతా ఇంటికి చేరగానే ఏం చేయాలో ఆలోచించుకున్నాను. నాన్న పైకి వెళ్ళగానే అన్నీ తీసి సంచిలో వేసుకోవచ్చు. కానీ మేం చేరేసరికి నాయనమ్మ కుర్చీ వేయించుకుని గేటు దగ్గర కూర్చుని ఉంది. నాన్న ఫోన్‌లో సంగతి చెప్పేశాడట. "దానికి ఆపరేషన్ అంటే నేను పక్కన లేకపోతే ఎలా?" అంది. భోజనానికి కూడా పైకి రాకుండా, అక్కడే ఉప్మా తెప్పించుకుని తింది.

మెకానిక్ వచ్చి కారును గేటు బయట, గాలి తగిలేచోట పెట్టించాడు. వాచ్‌మన్ చేత బీడీ పారేయించాడు. వెనక తలుపులు రెండూ తెరిచి, సీటు అంచు పట్టుకుని పైకి లేపాడు.

కాసేపు లోపలికి చూసి, బయటికి తల పెట్టాడు.

"సార్, ఇది కారా, పుస్తకాల దుకాణమా?"

ట్యాంకు మూత చుట్టూ ఉన్న గుంటల్లో నా పుస్తకాలు వరసగా ఉన్నాయి. వాటి పక్కన నా చిన్న టార్చి, చున్నీలో చుట్టిన దిండు, చేగోడీల స్టీలు డబ్బా. మెకానిక్ ఒక్కొక్కటీ తీసి నాన్నకు అందిస్తుంటే, నాకు వాచ్‌మన్ గదిలోకి వెళ్ళి తలుపేసుకోవాలనిపించింది.

నాన్న ఒక పుస్తకం తిప్పి చూశాడు. "ఇది నాది. పోయిందనుకున్నాను." తర్వాత నావైపు చూశాడు. "ఇక్కడ కూర్చుని చదువుతావా?"

తలూపాను.

"ఎప్పటినుంచి?"

"ఇంటర్ నుంచి."

నాయనమ్మ చూపు పుస్తకాల మీద లేదు. డబ్బా మీద ఉంది. "ఇదిక్కడుందా! ఇన్నాళ్ళూ మీ అమ్మ వాళ్ళ పుట్టింటికి పంపించిందనుకున్నాను."

"అత్తయ్యగారూ!" మెట్ల మీదినుంచి అమ్మ గొంతు. అప్పుడే టీ పట్టుకుని దిగుతోంది. "మా పుట్టింట్లో స్టీలు డబ్బాలకు కరువా?"

"అనుకున్నానన్నాను గానీ అడిగానా?" అంది నాయనమ్మ.

మెకానిక్ పైపుతో పెట్రోలంతా డబ్బాలోకి దించి, ట్యాంకు మూత బోల్టులు విప్పాడు. నా టార్చి తీసుకుని లోపలికి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏమైంది? తుప్పా?" అన్నాడు నాన్న.

"తుప్పు గాదు సార్."

పెట్రోలు లాగే పైపును మెల్లగా బయటికి తీశాడు. చెత్తను ఆపడానికి దాని చివర ఉండాల్సిన జల్లెడలాంటి జాలీ చినిగి వేలాడుతోంది. పైపు నోటికి ఒక గింజ కరుచుకుని ఉంది. దాన్ని అరచేతిలో దులిపి ఎండలో పట్టాడు. పసుపుపచ్చగా ఉంది.

"బియ్యం సార్. లోపల ఇంకా శానున్నయ్. ఏంది సార్, ట్యాంకుల పులిహోర కలుపుతున్నరా?"

నాన్న, అమ్మ, నేను మెల్లగా కుర్చీవైపు తిరిగాం. నాయనమ్మ పమిట కొంగు సర్దుకుంది.

"బియ్యమంటావేమిటి నాయనా? అక్షింతలు."

"అమ్మా!" అన్నాడు నాన్న. "పెట్రోలు ట్యాంకులోనా?"

"దాని నోరు అదే కదరా! నువ్వు అక్కడేగా పోస్తావు. గ్రైండరుకు పెట్టాను, కుట్టుమిషనుకు పెట్టాను, ఇంటిల్లిపాదినీ మోసే బండికి పెట్టకపోతే ఎలా?"

"ఎన్నేళ్ళ నుంచి వేస్తున్నావు?"

"వచ్చినప్పటినుంచీ. ఒక్క దసరా తప్పలేదు. ఇన్నేళ్ళూ ఒక్క ప్రమాదం లేకుండా తిరిగారంటే ఎందుకనుకున్నారు?"

మెకానిక్ గోడకు ఆనుకుని నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. "పెద్దమ్మ, నీ దీవెన గట్టిగనే పట్టింది. జాలీ మంచిగున్నన్ని దినాలు గింజల్ని ఆపింది. చినిగినంక గిట్ల పరేషాన్ జేసినయ్. బండే కదలకపోతె ఇగ యాక్సిడెంట్ యాడైతది?"

"చూశావా? అతనికి తెలుసు" అంది నాయనమ్మ.

ట్యాంకు కడిగి, కొత్త జాలీ తొడిగి, మూత బిగించేసరికి ఎండ గోడ దిగిపోయింది. ఏరిన గింజల్ని నాయనమ్మ కాగితంలో కట్టించుకుంది, తొక్కకూడదని. తులసి కోటలో వేస్తానంటే, పెట్రోలు వాసనకు తులసి చస్తుందని అమ్మ పడనివ్వలేదు.

అప్పుడే నాన్న ఫోన్ మోగింది. కారు కొనేవాళ్ళు. సందు మొదట్లో ఉన్నారట. నేను పుస్తకాలు గుండెకు హత్తుకుని నిలబడ్డాను. నాన్న తన పాత పుస్తకం ఇంకా నాకివ్వలేదు, చేతిలోనే ఉంది. దాన్ని ఇటూ అటూ తిప్పుతూ మాట్లాడాడు.

"లేదండీ, ఇవ్వడం లేదు. ఏమీ అనుకోవద్దు... రేటు సంగతి కాదండీ. కారు ఖాళీగా లేదు. అందులో మా అమ్మాయి ఉంటోంది."

అవతలివాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. నాన్న ఫోన్ పెట్టేసి, ఏమీ జరగనట్టు పుస్తకాన్ని సీటు కింద పాత చోట్లోనే పెట్టాడు.

మరుసటి వారం మెకానిక్ దగ్గరికి వెళ్ళి, పెట్రోలు మూతకు తాళం వేయించుకొచ్చాడు. వెనక తలుపు కూడా బాగుచేయించాడు. రెండు తాళంచెవులూ నాకే ఇచ్చాడు. ఇప్పుడు పెట్రోలు పోయించుకోవాలన్నా నన్ను పిలవాలి. బంకులో వరసలో నిలబడి, వెనకవాళ్ళు హారన్లు కొడుతుంటే నేను దిగి తాళం తీస్తాను. సిగ్గుగానే ఉంటుంది. అయినా దిగుతాను.

దసరా వచ్చింది. నాయనమ్మ కారుకు బొట్లు పెట్టి, పువ్వులు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, అక్షింతల గిన్నెతో వెనక్కి నడిచి చెయ్యి చాపింది.

"ఏదీ, తాళంచెవి?"

"ఇవ్వను నాయనమ్మా."

"నాలుగే వేస్తానే."

"ఒక్కటి కూడా వద్దు."

నాయనమ్మ నన్ను కిందినుంచి పైకి చూసింది. "నోరు లేని పిల్లవనుకున్నాను" అని, గుప్పిట్లో ఉన్నవన్నీ నా నెత్తిన పోసింది.

పూజ అయి అందరూ పైకి వెళ్ళాక, నేను వెనక సీట్లో కూర్చుని పుస్తకం తెరిచాను. తల వంచినప్పుడల్లా జడలోంచి గింజ ఒకటి పేజీ మీద పడుతోంది. రెండు పేజీలు చదివి, దిగి వెళ్ళి, పెట్రోలు మూత తాళం ఇంకోసారి లాగి చూసి వచ్చాను.